భయస్థుడైన మా తమ్ముడికి భయపెట్టే గేములంటే ఇంత ఇష్టం ఎందుకు?

ప్రశ్న: కోడుమూరు మెట్ట (కర్నూలు)

నేను గేములు ఆడేవాణ్ణి కాను. అందువల్ల ఈ ప్రశ్న కొందరికి అమాయకంగా కనిపించవచ్చు. మా తమ్ముడికి ఇరవై రెండేళ్లు. ఇంజనీరింగ్ ముగించి, కర్నూలులో మా ఇంటి నుంచే ఒక కంపెనీకి పని చేస్తున్నాడు. వాడు చిన్నతనం నుంచి భయస్థుడు. పొద్దు గూకిన తరువాత ఊరి చివరి చింతచెట్టు వైపు వెళ్లేవాడు కాదు. ఇప్పటికీ కరెంటు పోయిన వేళ మిద్దె మీద ఆరేసిన బట్టలు తెమ్మంటే ఎవరినైనా తోడు పిలుచుకుని గాని మెట్లు ఎక్కడు. అటువంటివాడు రాత్రి అందరూ పడుకున్న తరువాత గదిలో దీపం ఆర్పి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, 'రెసిడెంట్ ఈవిల్' వరుసలోని ఏడవ గేమును గంటల తరబడి ఆడుతున్నాడు. ఉలిక్కిపడి కుర్చీతో సహా వెనక్కి జరుగుతాడు, ఆట ఆపి మంచినీళ్లు తాగి వస్తాడు, మళ్లీ కూర్చుంటాడు. "అంత భయమైతే ఎందుకు ఆడతావురా?" అని అడిగితే, "భయం వేస్తుంది కాబట్టే అన్నా" అంటాడు.

నా సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. మా వైపు పొలాలకు త్రీఫేజ్ కరెంటు రాత్రిపూటే ఇచ్చిన కాలంలో, మోటారు వేయడానికి అర్ధరాత్రి ఒంటరిగా వెళ్లినవాణ్ణి. గట్ల మీద పాములుంటాయని తెలిసినా, చేతిలో టార్చీ, కర్ర ఉంటే నాకు గుండె అదరలేదు. అయితే తమ్ముడి బలవంతం మీద ఆ గేము పట్టుకున్నప్పుడు, పాడుబడిన ఇంట్లో ఒక తలుపు ముందు నిలబడి, దానిని తెరిచే మీట నొక్కడానికి నాకు వేలు ఆడలేదు. లేచి వచ్చేశాను.

నిజమైన చీకటికి జంకేవాడు బొమ్మల చీకటిని కోరి వెతుక్కోవడం, నిజమైన చీకటికి అలవాటు పడినవాడు బొమ్మల చీకటికి పారిపోవడం ఎలా సాధ్యం? వాడు నిజంగానే భయపడుతున్నాడా, లేక అది ఒక రకమైన నటనా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు: పెన్నా ఇసుక (అనంతపురం)

మాది అనంతపురమే అయినా, బెంగళూరులో గేములను విడుదలకు ముందు ఆడి లోపాలు పట్టే పనిలో ఉన్నాను. మీ ప్రశ్నకు సగం సమాధానం మీరు తెరవలేకపోయిన ఆ తలుపు దగ్గరే ఉంది. సినిమాలో అటువంటి తలుపును పాత్ర తెరుస్తుంది. మనం కళ్లు మూసుకున్నా, లేచి బయటికి వెళ్లినా కథ తన దారిన సాగిపోతుంది. గేములో మీరు మీట నొక్కేదాకా ఆ తలుపు తెరుచుకోదు, కథ అక్కడే నిలిచి ఉంటుంది. అంటే భయపడడానికి ఒక్కొక్క అడుగు దగ్గరా ఆటగాడు తానే ఒప్పుకోవాలి. జరగబోయేదానికి బాధ్యత తనదే కాబట్టి భయం సినిమాలో కన్నా ఎక్కువగా ఉంటుంది. గండం దాటినది కూడా తానే కాబట్టి ఆ తరువాతి తృప్తీ ఎక్కువగానే ఉంటుంది. మీ తమ్ముడిది నటన కాదు. భయం నిజమైనదే, ప్రమాదమే నిజమైనది కాదు.

మిగిలిన సగం ఈ గేముల తయారీలో ఉంది. వీటిని రూపొందించేవారు ఆటగాడికి ఎంత శక్తి ఇవ్వాలి, ఎంత నిస్సహాయత మిగల్చాలి అన్నదానిని చాలా లెక్కగా చూస్తారు. క్యాప్‌కామ్ సంస్థ షింజి మికామి దర్శకత్వంలో 1996లో విడుదల చేసిన మొదటి 'రెసిడెంట్ ఈవిల్'నే తీసుకోండి. తూటాలు చాలవు. వస్తువులు మోయడానికి ఒక పాత్రకు ఆరు గడులు, మరొక పాత్రకు ఎనిమిది గడులు మాత్రమే ఉంటాయి. ఆట ఎంతవరకు వచ్చిందో భద్రపరచుకోవాలంటే టైప్‌రైటర్ కనబడాలి, దానిలో వేయడానికి ఇంకు రిబ్బను మీ దగ్గర మిగిలి ఉండాలి. అయితే ఆ టైప్‌రైటర్ ఉండే గదిలో మెత్తని సంగీతం వినిపిస్తుంది, జాంబీలు, అంటే లేచి తిరిగే శవాలు, అక్కడికి రావు. ఏళ్లు గడిచిన తరువాత కూడా ఆ గేము ఆడినవారు ముచ్చటగా తలచుకునేది ఆ గదినే. భయం లేని గేములో అటువంటి గదికి విలువే ఉండదు.

కొనామి సంస్థ 1999లో తెచ్చిన 'సైలెంట్ హిల్'లో ఊరంతా పొగమంచు కప్పి ఉంటుంది. ఆ గేము ఆడే నాటి ప్లేస్టేషన్ యంత్రానికి దూరపు వీధులను గీసి చూపే శక్తి చాలక ఆ మంచును వాడుకున్నారు. చివరికి అదే ఆ గేముకు ప్రాణమైంది. పాత్ర దగ్గర ఉన్న రేడియో గరగరలాడితే ఏదో సమీపంలో ఉందని అర్థం, కాని అది ఎటునుంచి వస్తుందో తెలియదు. స్వీడన్‌కు చెందిన ఫ్రిక్షనల్ గేమ్స్ 2010లో తెచ్చిన 'అమ్నీషియా'లో ఆయుధమే లేదు. వెలుగులో ఉంటే రాక్షసి కంటబడతారు, చీకటిలో ఉంటే పాత్రకు మతి చలిస్తుంది; రెండింటిలో ఏది మేలో ప్రతి క్షణం మీరే తేల్చుకోవాలి.

ఇక 2014లో వచ్చిన 'ఏలియన్ ఐసొలేషన్' నా వృత్తిలోని వారందరూ మెచ్చుకునే పని. అందులో మిమ్మల్ని వేటాడే ఒక జీవి ఉంటుంది, దానిని చంపలేరు. ఆటను పైనుంచి నడిపే ప్రోగ్రాముకు మీరు ఎక్కడ దాక్కున్నారో తెలుసు, కాని ఆ జీవికి తెలియదు. పైనుంచి దానికి అప్పుడప్పుడు ఆచూకీ మాత్రమే అందుతుంది, తక్కిన వెతుకులాట అంతా అది తన కళ్లతోనూ చెవులతోనూ సాగించాలి. అందువల్లనే అది మోసం చేస్తోందని ఆటగాడికి అనిపించదు. దానికన్నా ముందు, 2008లో, వాల్వ్ సంస్థ 'లెఫ్ట్ ఫర్ డెడ్'లో ఆటగాళ్లపై పడుతున్న ఒత్తిడిని ప్రోగ్రాము ద్వారా అంచనా కట్టి, అది హద్దుకు చేరినప్పుడు కొంతసేపు జాంబీల రాకను తగ్గించే ఏర్పాటు చేసింది. భయపెట్టడం తెలిసినవారికి ఎప్పుడు వదిలిపెట్టాలో కూడా తెలిసి ఉండాలి.

'ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్' గురించి కూడా ఒక మాట. ఇదీ 2014 నాటిదే. మీరు రాత్రి కాపలాదారు. కెమెరాలు చూసినా, తలుపులు మూసినా, దీపం వేసినా ఉన్న కొద్దిపాటి విద్యుత్తు తరిగిపోతూ ఉంటుంది; అది అయిపోతే అంతే సంగతులు. కరెంటు కోతల్లో పెరిగిన మన జిల్లాల వారికి ఈ గేములోని భయాన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మీ ఇద్దరి సంగతికి వస్తాను. పొలం గట్టు మీద మీకు ధైర్యాన్ని ఇచ్చినవి టార్చీ, కర్ర మాత్రమే కావు. ఏ గట్టు ఎక్కడ తిరుగుతుందో, ఏ చప్పుడు ఎలుకదో, ఎక్కడ అడుగు చూసి వేయాలో మీకు తెలుసు. ఆ చీకటికి మీరు పాతకాపు. గేములో మీకు కంట్రోలర్ మీటలే కొత్త. ఏది నిజంగా ప్రమాదమో, ఏది వట్టి చప్పుడో గుర్తుపట్టే అనుభవం లేదు. మీ తమ్ముడికి ఆ అనుభవం గేములో ఉంది, మిద్దె మీద లేదు. పైగా గేములో వాడు కావాలనుకున్న క్షణంలో ఆట ఆపగలడు. మంచినీళ్ల కోసం లేచి వెళ్లడం అదే. మిద్దె మీది చీకటిని ఆపే మీట వాడికి ఎవరూ ఇవ్వలేదు.

జవాబు: పాలకొండల నీడ (కడప)

కడపలో డిగ్రీ విద్యార్థులకు మనస్తత్వశాస్త్రం బోధిస్తున్నాను. పైవారు గేము వైపు నుంచి చెప్పినది నాకు నచ్చింది. నేను ఆడేవారి శరీరం వైపు నుంచి కొన్ని విషయాలు చేరుస్తాను.

భయం కలిగినప్పుడు గుండె వేగం పెరగడం, అరచేతులు చెమర్చడం, కండరాలు బిగుసుకోవడం, రక్తంలో అడ్రినలిన్ హెచ్చడం జరుగుతాయి. ఆపద నిజమైనదైనా, తెరమీదిదైనా శరీరం మొదట స్పందించే తీరులో పెద్ద తేడా ఉండదు. ఆ తరువాత మెదడు సందర్భాన్ని లెక్కలోకి తీసుకుంటుంది: నేను నా గదిలో ఉన్నాను, నా కుర్చీలో ఉన్నాను, ఇది ఆట. ఆ రెండవ లెక్క గట్టిగా నిలిచి ఉన్నంతసేపు మొదటి ఉద్రేకం ఉత్సాహంగా అనుభవంలోకి వస్తుంది. అది సడలితే అదే ఉద్రేకం వట్టి భీతిగా మారుతుంది. అమెరికన్ మనస్తత్వవేత్త పాల్ రోజిన్ మనుషులు మిరపకాయను ఎందుకు ఇష్టపడతారో పరిశీలించి ఇదే చెప్పారు. నాలుక మంట పుడుతోందని, ప్రమాదమని శరీరం అరుస్తుంది; ప్రమాదం ఏమీ లేదని మనసుకు తెలుసు; ఆ తెలియడంలోనే ఒక గెలుపు ఉంది. ఎర్రకారం దోసె తిని కళ్లనీళ్లు తుడుచుకుంటూ ఇంకొకటి వేయమని అడిగే మా కడపవారికి ఈ సిద్ధాంతం అర్థం చేసుకోవడానికి పాఠ్యపుస్తకం అవసరం లేదు. అయితే ఒకరికి రుచించే కారం మరొకరికి బాధ అన్నది కూడా గుర్తుంచుకోవాలి, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది.

డెన్మార్క్‌లోని ఆర్హుస్ విశ్వవిద్యాలయంలో వినోదం కోసం పడే భయాన్ని అధ్యయనం చేయడానికి ఒక ప్రత్యేక పరిశోధన బృందమే ఉంది. వారు 2020లో ప్రచురించిన అధ్యయనంలో, జనాన్ని భయపెట్టడానికి ఏర్పాటు చేసిన ఒక దెయ్యాల కొంపలోకి వెళ్లిన 110 మందికి గుండె వేగాన్ని కొలిచే పరికరాలు అమర్చారు. ఎంత భయపడ్డారో, ఎంత ఆనందించారో కూడా అడిగి తెలుసుకున్నారు. భయం పెరిగేకొద్దీ ఆనందం ఒక స్థాయిదాకా పెరిగి, ఆపైన తగ్గిందని వారు గమనించారు. మరీ తక్కువ భయమైతే విసుగు, మరీ ఎక్కువైతే బాధ. మధ్యలో ఎక్కడో ఒక మెట్టు మీద ఆనందం గరిష్ఠంగా ఉంటుంది. గుండె వేగం మామూలు స్థితి నుంచి కొద్దికొద్దిగా ఊగిసలాడినవారు ఎక్కువ ఆనందించారు, పెద్ద ఎత్తున చెదిరినవారు తక్కువ ఆనందించారు. ఆ గరిష్ఠపు మెట్టు మనిషి మనిషికీ మారుతుంది. మీ తమ్ముడు తన మెట్టును వెతుక్కుని అక్కడ నిలబడ్డాడు. మీరు మొదటిసారే ఆ మెట్టు దాటిపోయారు. ఇందులో ధైర్యం, పిరికితనం అనే పోలికకు చోటు లేదని నా అభిప్రాయం. అసలు భయమే కలగనివాడికి ఈ గేములు చప్పగా ఉంటాయి. భయస్థులలో కొందరు వీటిని అంతగా ఇష్టపడడం వింతగా తోచవచ్చు గాని, కొద్దిపాటి నీడకే వారిలో ఉద్రేకం పుడుతుంది కాబట్టి వారికి ఈ వినోదం త్వరగా అందుతుంది.

ఆ బృందమే చేసిన మరొక అధ్యయనం కూడా మీకు పనికివస్తుంది. అటువంటి ఇంట్లోకి వెళ్లేవారిలో కొందరిని భయాన్ని వీలైనంత పెంచుకోమని, కొందరిని వీలైనంత అణచుకోమని కోరగా, ఆ రెండు రకాలవారూ ఇంచుమించు ఒకే స్థాయిలో తృప్తి చెందారు. చూపు పక్కకు తిప్పుకోవడం, పక్కవారి చేయి పట్టుకోవడం, "ఇది ఉత్తదే" అని తమకు తాము చెప్పుకోవడం, లేక అందుకు విరుద్ధంగా కథలో పూర్తిగా లీనం కావడం, ఇవన్నీ భయాన్ని తగిన మోతాదుకు తెచ్చుకునే పద్ధతులే. మీ తమ్ముడు దీపం ఆర్పడం మోతాదు పెంచుకోవడానికి, నీళ్లకు లేవడం తగ్గించుకోవడానికి. వాడి చేష్టలలో మీకు కనిపించిన వైరుధ్యం నిజానికి వైరుధ్యం కాదు.

భయం తీరిన తరువాత వచ్చే ఉపశమనంలోనే ఆనందమంతా ఉందని డాల్ఫ్ జిల్‌మన్ అనే పరిశోధకుడి సిద్ధాంతం ఒకటి చాలాకాలంగా ప్రచారంలో ఉంది. భయంవల్ల కలిగిన ఉద్రేకం వెంటనే చల్లారదని, గండం గడిచిన తరువాతి సంతోషానికి అది బలం చేకూరుస్తుందని దాని సారాంశం. అందులో కొంత నిజం ఉన్నా, అదే మొత్తం సమాధానమని నేను ఒప్పుకోను. గండం గడవకముందే, తలుపు ముందు నిలబడి ఊపిరి బిగబట్టిన ఆ క్షణాన్నే ఇష్టపడేవారు నా విద్యార్థులలో చాలామంది ఉన్నారు.

జవాబు: మైదుకూరు దారి (ప్రొద్దుటూరు)

మీరందరూ దీనికి మరీ గంభీరమైన అర్థాలు చెబుతున్నారేమోనని నా అనుమానం. నేను చూసిన ఇటువంటి గేములలో చాలావాటిలో, నిశ్శబ్దంగా ఉన్న తెర మీద ఉన్నట్టుండి ఒక ముఖం పడుతుంది, చెవులు పగిలే కేక వినిపిస్తుంది. వెనకనుంచి వచ్చి చెవిలో అరిస్తే ఎవరైనా ఉలిక్కిపడతారు. దానికి కళ అని పేరు పెట్టనక్కరలేదు. కుర్రవాళ్లు వాటిని ఆడేది స్నేహితుల ముందు గొప్పకోసం, యూట్యూబ్‌లో తమ అరుపులు చూపించుకోవడంకోసం.

జవాబు: పెన్నా ఇసుక (అనంతపురం)

ఉలికిపాటు విషయంలో మీతో ఏకీభవిస్తాను. పెద్ద చప్పుడుకు కనురెప్పల కండరం కదలడానికి 50 మిల్లీసెకన్లు కూడా పట్టదు. ఆలోచనకు అక్కడ తావే లేదు. అందుకే అది చవకైన ఉపాయం, అందుకే ఫోన్లలో వచ్చే నాసిరకం గేములు దానినే నమ్ముకుంటాయి. అయితే మంచి గేములో ఉలికిపాటుకన్నా దానికోసం ఎదురుచూడడమే ముఖ్యం. 2014లో ప్లేస్టేషన్ 4 కోసం హిడియో కోజిమా ఉచితంగా విడుదల చేసిన 'పీ.టీ.'లో ఉన్నది ప్రధానంగా ఒక ఇంటి నడవా మాత్రమే. చివరి తలుపు దాటితే మళ్లీ అదే నడవాలోకి వస్తారు, ప్రతిసారీ ఏదో కొద్దిగా మారి ఉంటుంది. చాలాసేపు ఏమీ జరగదు. ఆ ఏమీ జరగకపోవడాన్ని తట్టుకోలేక ఆపేసినవారు ఎందరో. మరుసటి ఏడాదే దానిని ప్లేస్టేషన్ ఆన్‌లైన్ దుకాణం నుంచి తీసివేసినా, ఈ రకపు గేములు తయారుచేసేవారు ఇప్పటికీ దానిని పాఠంలా చదువుతున్నారు.

గొప్పకోసం ఆడేవారు ఉన్నారన్నది కాదనను. కాని ప్రశ్న అడిగిన సోదరుడి తమ్ముడు అర్ధరాత్రి ఒంటరిగా, ఎవరూ చూడకుండా ఆడుతున్నాడు కదా.

మళ్లీ ప్రశ్న: కోడుమూరు మెట్ట (కర్నూలు)

అందరికీ కృతజ్ఞతలు. గట్టు మీది చీకటికి నేను పాతకాపునన్న మాట నాకు బాగా పట్టింది. ఇంకొక సంగతి అడగాలి. ఆదివారం సాయంత్రాలు తమ్ముడు హాలులోని టీవీకి కలిపి ఆడినప్పుడు మా అమ్మ కూడా పక్కన కూర్చుంటుంది. ఆమె చేతిలో ఏ మీటా లేదు; "ఆ గదిలోకి పోవద్దురా నాయనా" అని బతిమాలుతూనే ఉంటుంది గాని, లేచి వెళ్లదు. ఒప్పుకోలు, మోతాదు అన్న మాటలు ఆమెకు ఎలా వర్తిస్తాయి?

జవాబు: నడిమివంక (అనంతపురం)

తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. గేముల గురించి నాకు తెలిసినది మా మనవడి పుణ్యమే. కాని ఈ చర్చలోని చిక్కుముడి మనవారికి కొత్తది కాదు. నాట్యశాస్త్ర కర్త భరతుడు చెప్పిన ఎనిమిది రసాలలో భయానకం ఒకటి. లోకంలో దుఃఖాన్ని, భయాన్ని తప్పించుకు తిరిగే మనిషి రంగస్థలం మీద వాటినే చూసి ఎలా ఆనందిస్తాడన్న ప్రశ్నతో అలంకారికులు శతాబ్దాల పాటు కుస్తీ పట్టారు. కాశ్మీరానికి చెందిన అభినవగుప్తుడు భయానక రసానికి ఉదాహరణగా చూపినది ఏ రాక్షసుణ్ణో కాదు, కాళిదాసు శాకుంతలంలో దుష్యంతుడి రథం ముందు మెడ తిప్పి వెనక్కి చూస్తూ పరుగెత్తే లేడిని. ప్రేక్షకుడికి ఆ క్షణంలో భయం తెలుస్తుంది, కాని అది 'నా భయం' కాదు, 'ఫలానా లేడి భయం' కూడా కాదు; ఎవరికీ చెందని భయం కాబట్టి ఆస్వాదించడానికి వీలవుతుందని ఆయన వాదం.

మీ అమ్మగారి విషయంలో ఈ మాట కొంతవరకు సరిపోతుంది, ఆమె ప్రేక్షకురాలు కాబట్టి. మీ తమ్ముడి విషయంలో మాత్రం ఆ సిద్ధాంతం తడబడుతుందని నాకు తోస్తోంది. గేములో ఆడేవాడే లేడి. పరుగెత్తేది వాడు, దొరికిపోయేది వాడు, "నన్ను పట్టుకుంది" అని అరిచేది వాడు. తన సొంత భయంగా తగిలినది రసం కాదని చెప్పిన పెద్దలు ఈ ఆటను చూస్తే ఏమనేవారో ఊహించడం నాకు ఇష్టమైన కాలక్షేపం. నాటకశాలలో కూర్చున్న సహృదయుడికీ, అడవిలో పరుగెత్తే లేడికీ మధ్య ఒక మూడవ స్థానం ఏర్పడిందని, దానికి మన లక్షణ గ్రంథాలలో ఇంకా పేరు లేదని ఒప్పుకోవడం మేలు.

జవాబు: పాలకొండల నీడ (కడప)

గురువుగారి మూడవ స్థానం ఆలోచనను రేపు తరగతిలో వాడుకుంటాను, అనుమతి ఇస్తారని ఆశిస్తున్నాను. అమ్మగారి విషయంలో నాకు గుర్తుకు వచ్చినది ఇది. అనంతపురం జిల్లా నార్పల మండలంలోని గూగూడులో మొహర్రం సందర్భంగా కుళ్లాయిస్వామి ఉత్సవాలలో హిందువులు, ముస్లిములు కలిసి అగ్నిగుండం నడుస్తారు. అది భక్తికి సంబంధించినది కాబట్టి ఆటతో పోల్చను. అక్కడ చూసేవారి ముఖాలను మాత్రం గమనించండి. తమవారు నిప్పుల మీద అడుగు పెట్టినప్పుడు, గట్టున నిలబడిన తల్లి ఊపిరి కూడా ఆగిపోతుంది.

ఇది కేవలం మాటవరసకు చెప్పినది కాదు. స్పెయిన్‌లోని శాన్ పెద్రో మన్రిక్ అనే ఊరిలో ఏటా జరిగే నిప్పుల నడకను కొందరు శాస్త్రవేత్తలు పరిశీలించి 2011లో ఫలితాలు ప్రచురించారు. నడిచేవారికీ, చూసేవారికీ గుండె వేగాన్ని నమోదు చేసే పరికరాలు పెట్టగా, నడిచేవారి బంధువుల, స్నేహితుల గుండె లయ నడిచేవారి లయతో పాటు మారింది. ఊరికే చూడవచ్చిన పరాయివారిలో అటువంటి కలయిక కనిపించలేదు. గేముమీద ఎవరైనా అదే పరిశీలన చేస్తే ఏమి తేలుతుందో చెప్పలేను గాని, అమ్మగారు చూస్తున్నది తెరను కాదు, కొడుకును అని నా ఊహ. మీ తమ్ముడి బదులు ముక్కూమొగం తెలియనివాడు ఆడుతుంటే ఆమె అంతసేపు కూర్చుంటారా అన్నది మీరే పరీక్షించి చూడవచ్చు.

తోడు ఉండడం వల్ల భయం తగ్గడమే కాదు, ఆనందం పెరుగుతుంది కూడా. 2020లో వచ్చిన 'ఫాస్మోఫోబియా' విజయానికి కారణం అదే. నలుగురు కలిసి దెయ్యాన్ని వెతికే ఆ గేములో, మైకు ద్వారా మీరు మాట్లాడే మాటలను దెయ్యం కూడా వింటుంది. నా విద్యార్థులు దానిని ఆడేటప్పుడు కేకలకన్నా నవ్వులే ఎక్కువగా వినిపిస్తాయి.

మళ్లీ ప్రశ్న: కోడుమూరు మెట్ట (కర్నూలు)

అమ్మను అడిగాను. "వాడు ఒక్కడే భయపడుతుంటే నేను పోయి పడుకోవాలా?" అన్నది. మీ ఊహ సరైనదే. చివరగా రెండు సందేహాలు. దీనివల్ల వాడికి నిజజీవితంలో ధైర్యం వస్తుందా, లేక నష్టం ఏమైనా ఉందా? నాలాంటివాడు మళ్లీ ప్రయత్నించాలంటే దేనితో మొదలుపెట్టాలి?

జవాబు: పాలకొండల నీడ (కడప)

ధైర్యం విషయంలో జాగ్రత్తగా మాట్లాడాలి. కోవిడ్ తొలి నెలల్లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో, భయానక కథలను, చిత్రాలను ఇష్టపడేవారు తక్కువ మానసిక ఆందోళన ప్రకటించారని తేలింది; అది 2021లో ప్రచురితమైంది. కాని ఆ చిత్రాలు చూడడంవల్ల వారు గట్టిపడ్డారా, లేక గట్టివారే అటువంటివి చూస్తారా అన్నది దానివల్ల తేలదు. ఎంత గేము ఆడినా మీ తమ్ముడు మిద్దె ఎక్కకపోవచ్చు.

నష్టం విషయానికి వస్తే, పెద్దవారికి నిద్ర చెడడమే ప్రధానమైనది. పడుకునే ముందు గుండె వేగాన్ని అంతగా పెంచుకుంటే నిద్ర ఆలస్యం కావడం సహజం. అర్ధరాత్రి ఆటను సాయంత్రానికి మార్చుకోమని చెప్పండి. పిల్లల సంగతి వేరు. ఇది ఆట అన్న రెండవ లెక్క చిన్నపిల్లలలో ఇంకా స్థిరపడి ఉండదు. 'గ్రానీ' వంటి ఫోను గేములను మా వీధిలో రెండవ తరగతి పిల్లలు కూడా ఆడుతున్నారు, పెద్దలు దానిని బొమ్మలాట అనుకుంటున్నారు. ఇంట్లో ముసలమ్మ వెతుకుతుండగా చప్పుడు కాకుండా తప్పించుకోవలసిన ఆ గేము ఆడిన పిల్లవాడు రాత్రి ఒంటరిగా బాత్‌రూముకు వెళ్లనంటే, వాడిని కసురుకుని లాభం లేదు.

జవాబు: పెన్నా ఇసుక (అనంతపురం)

రెండవ సందేహానికి నేను జవాబిస్తాను. 2015లో వచ్చిన 'సోమా' అనే గేముతో మొదలుపెట్టండి. 'అమ్నీషియా' చేసినవారిదే. సముద్రగర్భంలో జరిగే కథ. దానికి 2017లో ఒక సురక్షిత పద్ధతిని చేర్చారు. అది ఎంచుకుంటే జీవులు తిరుగుతూ కనిపిస్తాయి గాని మిమ్మల్ని చంపవు. కథ ఏమీ తగ్గదు. సాలీళ్లంటే పడనివారికోసం వాటి రూపాన్ని మార్చుకునే వీలు 'గ్రౌండెడ్' అనే గేములో ఇచ్చారు. భయం మోతాదును ఆడేవారి చేతికే ఇచ్చే ఇటువంటి ఏర్పాట్లు ఈ మధ్య పెరుగుతున్నాయి.

మీరు వదిలివచ్చిన 'రెసిడెంట్ ఈవిల్ 7' దగ్గరికే తిరిగి వెళ్లాలనుకుంటే, కఠినత స్థాయిని సులువుకు మార్చుకుని, పగటిపూట, తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఆడండి. హెడ్‌ఫోన్లు వద్దు, టీవీ స్పీకర్లు చాలు. భయంలో సగం చెవులద్వారానే వస్తుంది. 'ఏలియన్ ఐసొలేషన్'ను మాత్రం ఇప్పుడే పట్టుకోకండి. అందులో అల్మారాలో దాక్కుని ఊపిరి బిగబట్టే సమయమే ఎక్కువ, ఆట భద్రపరచుకునే చోట్లు తక్కువ. మీ తమ్ముడి దగ్గర ఆ గేము ఉంటే, అమ్మగారితో కలిసి వాడు ఆడేటప్పుడు చూడండి.